వాటాల కంటె ముందు మాట

చంద్రపురం నుంచి నాగపూరు పోయే బాటలో వరోరా మనకు బాగా తెలిసిన ఊరే. ఆ పేరు వినగానే పెద్దలకు ఆనందవనం జ్ఞాపకం వస్తుంది. 1949లో బాబా ఆమ్టే గారు కుష్ఠురోగుల కోసం నెలకొల్పిన ఆ ఆశ్రమాన్ని ఒక్కసారైనా చూడని తెలుగు కుటుంబాలు మనలో తక్కువ. అదే వరోరాలో, పారిశ్రామిక వాడలో, బొగ్గుతో విద్యుచ్ఛక్తిని తయారుచేసే కేంద్రం ఒకటి ఉన్నది. దాని పేరు ముందున్న మూడక్షరాలు, జీ.ఎం.ఆర్., ఒక తెలుగువాని పేరు. ఆయన గ్రంధి మల్లికార్జునరావు గారు. ఢిల్లీ, హైదరాబాదు విమానాశ్రయాలను నడిపే వ్యాపార సముదాయానికి అధ్యక్షులు.

ఈ నెల మన శీర్షికలో ఆయన సంగతి చెప్పుకొందాము. కోటీశ్వరుల వైభవం చెప్పి పాఠకుల నోరూరించడం మన ఉద్దేశం కాదు. అన్ని కోట్లు మన చేతికి వచ్చేవీ కావు, వాటి తలనొప్పి మనకు పట్టేదీ కాదు. అయితే ఆయన జీవితంలో ఒక్క పని మాత్రం మనబోటి సంసారులకు కూడా అక్కరకు వచ్చేది ఉన్నది. అది విమానాశ్రయం కట్టడం కాదు. అదేమిటో చివర చెబుతాను. ముందు ఆయన నడిచి వచ్చిన దారి చూద్దాము.

మల్లికార్జునరావు గారు 1950 జూలై 14న రాజాంలో జన్మించారు. అప్పుడది శ్రీకాకుళం జిల్లా. 2022లో జిల్లాలను మార్చినప్పుడు విజయనగరం జిల్లాలోకి వచ్చినది. ఆ ప్రాంతమంతా గోగునార, జనపనార పండే నేల. సంతకు కట్టలు కట్టలుగా నార రావడం, వ్యాపారులు దాన్ని కొని మిల్లులకు పంపడం అక్కడ తరతరాలుగా సాగినది. అటువంటి ఊళ్లో పుట్టిన కుర్రవాడు విశాఖపట్నం వెళ్లి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మెకానికల్ ఇంజనీరింగు చదివాడు. ఆ రోజులలో ఇంజనీరు పట్టా ఉంటే సర్కారు ఉద్యోగం, పింఛను, పిల్లనిచ్చే మామగారు అన్నీ వెతుక్కొంటూ వచ్చేవి. ఆయన మాత్రం సొంత ఊరికి తిరిగివచ్చి, 1978లో అక్కడ పండే పంటనే ఆధారం చేసుకొని జనపనార మిల్లుతో వ్యాపారం ఆరంభించారు. గోనెసంచి దగ్గర మొదలైన కథ ఇది.

అక్కడి నుంచి ఆయన చేయి పెట్టని వ్యాపారం లేదనిపిస్తుంది. పంచదార, ఫెర్రో మిశ్రమ లోహాలు, బీరు తయారీ, బ్యాంకు ఇలా ఎన్నో. ఇందులో గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. మన వ్యాపారులకు సాధారణంగా కొనడం తెలుసు, అమ్మడం తెలియదు. తాత పెట్టిన అంగడి నష్టంలో ఉన్నా సరే, 'తాత పేరు' అని దాన్ని పట్టుకొని వేలాడుతాము. ఈయనకు ఆ మమకారం లేదు. తన జిల్లాలోనే సంకిలి వద్ద ఉన్న పంచదార మిల్లు సహా చక్కెర వ్యాపారాన్ని 2010లో ఈఐడీ ప్యారీ వారికి ఇచ్చివేశారు. వైశ్యా బ్యాంకులో పెద్ద వాటాదారుగా ఎదిగి, 2002లో ఆ వాటాను డచ్చి సంస్థ అయిన ఐఎన్‌జీకి అమ్మారు. బ్యాంకు పేరు ఐఎన్‌జీ వైశ్యా అయినది. 2015లో అది కోటక్ మహీంద్రా బ్యాంకులో కలిసిపోయినది. ఇక్కడ అమ్మిన సొమ్ము అక్కడ కొత్త పనికి పెట్టుబడి అయ్యేది. గింజ తిని కూర్చొనే రైతు కాక, విత్తనం మార్చుకొంటూ పోయే రైతు వంటి వాడన్నమాట.

1991లో దేశపు ఆర్థిక విధానం మారినది. అంతవరకు ఎక్కువగా సర్కారు చేతిలోనే ఉన్న విద్యుచ్ఛక్తి ఉత్పత్తిలోకి ప్రైవేటు వారిని రానిచ్చారు. మల్లికార్జునరావు గారు మద్రాసులోని బేసిన్ బ్రిడ్జి వద్ద 200 మెగావాట్ల డీజిల్ విద్యుత్కేంద్రం కట్టారు. ఆ తరువాత మంగుళూరు వద్ద తణ్ణీరుబావిలో 2001లో ఒక విచిత్రమైన కేంద్రం నడిపించారు. అది నేల మీద కాదు, నీటి మీద తేలే పెద్ద పంటు మీద కట్టిన 220 మెగావాట్ల కేంద్రం. మంగుళూరులో ఒప్పందపు గడువు తీరిన తరువాత ఆ పంటును సముద్రం మీదుగా ఈ తీరం నుంచి ఆ తీరానికి, కాకినాడకు, తెచ్చి గ్యాసుతో నడిచేటట్లు మార్చారు. ఇల్లు మారినప్పుడు మనం మంచం, బీరువా మోసుకుపోయినట్లు ఆయన విద్యుత్కేంద్రాన్నే మోసుకుపోయారు!

తరువాత రోడ్లు వచ్చినవి. తుని, అనకాపల్లి మధ్య జాతీయ రహదారి ఆయన సంస్థ వేసిన తొలి రోడ్లలో ఒకటి. ఆ పిమ్మట విమానాశ్రయాలు. 2006లో ఢిల్లీ విమానాశ్రయం ఆయన సంస్థ నాయకత్వంలోని కూటమి చేతికి వచ్చినది. అదే సంవత్సరం సంస్థ వాటాలు ప్రజలకు అమ్మకానికి వచ్చినవి. 2008 మార్చిలో హైదరాబాదు శంషాబాదు విమానాశ్రయం తెరిచారు. 2010 జూలైలో ఢిల్లీలో మూడవ టెర్మినల్ ప్రారంభమైనది. అంత పెద్ద కట్టడాన్ని ముప్ఫయి ఏడు నెలలలో పూర్తిచేశారు. మన వీధిలో మురుగుకాలువ ఎన్నాళ్లకు పూర్తి అవుతుందో చూచేవారికి ఈ లెక్క విలువ తెలుస్తుంది. 2023 జనవరి నుంచి గోవాలోని మోపా విమానాశ్రయం కూడా నడుస్తున్నది.

మనకు దగ్గర సంగతి నాగపూరు విమానాశ్రయం. 2019లో దాని నిర్వహణ ఈ సంస్థకే దక్కినట్లు ప్రకటించి, 2020లో ఆ నిర్ణయాన్ని రద్దు చేశారు. సంస్థ బొంబాయి హైకోర్టుకు పోయి 2021లో గెలిచినది. 2022లో సుప్రీంకోర్టు ఆ తీర్పును ఖాయపరచినది. ఆ తరువాత కూడా వేసిన క్యూరేటివ్ పిటిషను 2024 సెప్టెంబరులో ముగిసి, అక్టోబరులో ఒప్పందం మీద సంతకాలయినవి. అంటే చంద్రపురం నుంచి విమానమెక్కడానికి మనం పోయే ఊరు కూడా ఈ తెలుగువాని కథలోకి వచ్చినది.

పరదేశాలలో కూడా ఆయనకు వెలుగు, నీడ రెండూ తగిలినవి. టర్కీలోని ఇస్తాంబుల్ నగరంలో సబీహా గోక్చెన్ విమానాశ్రయానికి ఆయన సంస్థ కూటమి కొత్త టెర్మినల్ కట్టి 2009లో తెరిచినది. అప్పుల బరువు పెరిగినప్పుడు ఆ వాటాను 2014లో మలేషియా వారికి అమ్మివేశారు. మాల్దీవులలో మాలే విమానాశ్రయం 2010లో దక్కినది. అక్కడ ప్రభుత్వం మారి 2012లో ఒప్పందం రద్దు చేసి, సామాను సర్దుకొమ్మన్నది. సంస్థ మధ్యవర్తుల న్యాయస్థానానికి పోయినది. 2016లో సుమారు 27 కోట్ల డాలర్ల పరిహారం ఇవ్వవలసినదని తీర్పు వచ్చినది. కోపం వచ్చినా వీధికి ఎక్కకుండా, ఒప్పందంలో ముందుగా రాసుకొన్న షరతును పట్టుకొని కూర్చొంటే చివరకు డబ్బు వచ్చినది. ఈ 'ముందుగా రాసుకోవడం' అనే మాటను పాఠకులు కాస్త జ్ఞాపకం పెట్టుకోవాలి.

ఇంతవరకు చెప్పినది ఎక్కడమే. ఇక జారిన కథ. 2008 తరువాత మన దేశంలో పెద్ద పెద్ద పనులు ఎత్తుకొన్న సంస్థలన్నీ బ్యాంకుల నుంచి విపరీతంగా అప్పులు తెచ్చినవి. గ్యాసు వస్తుందని గోదావరి తీరంలో కేంద్రాలు కట్టారు, సముద్రగర్భం నుంచి వస్తుందన్న గ్యాసు రాలేదు. రాజమండ్రి వద్ద ఈ సంస్థ కట్టిన 768 మెగావాట్ల కేంద్రం పొయ్యి ఉండి కట్టెలు లేని వంటిల్లయినది. బొగ్గు కోసం కేటాయించిన గనులను 2014లో సుప్రీంకోర్టు దేశమంతటా రద్దుచేసినది. ఒక విదేశీ బ్యాంకు విశ్లేషకులు 2012లో మన దేశంలో మోయలేని అప్పులున్న పది వ్యాపార కుటుంబాల జాబితా ఒకటి వేశారు. అందులో మూడు తెలుగువారివే: జీ.ఎం.ఆర్., జీ.వీ.కే., ల్యాంకో. మనవారికి సాహసం ఎక్కువ అని సంతోషించాలో, లెక్క తక్కువ అని విచారించాలో తెలియని జాబితా అది.

ఆ ముగ్గురి గతి మూడు రకాలుగా ముగిసినది. ల్యాంకో దివాలా చట్టం కిందికి 2017లో పోయి, 2018లో ఆస్తులమ్మి మూసివేయవలసినదన్న ఉత్తరువు పొందినది. మన పొరుగునే, వార్ధా దగ్గర మాండ్వాలో, వారు తలపెట్టిన 1,320 మెగావాట్ల కేంద్రం పూర్తికాకుండానే ఆగినది. జీ.వీ.కే. వారి చేతిలోని బొంబాయి విమానాశ్రయం 2021లో అదానీ వారి వశమైనది. జీ.ఎం.ఆర్. మాత్రం నిలిచినది. ఎట్లా నిలిచినది? అమ్ముకొని నిలిచినది. ఇంటర్‌జెన్ అనే అంతర్జాతీయ విద్యుత్ సంస్థలో కొన్న సగం వాటాను 2011లో చైనా వారికి ఇచ్చివేసినది. ఛత్తీసుగఢులోని రాయిఖేడా వద్ద కట్టిన 1,370 మెగావాట్ల కేంద్రం అప్పులిచ్చినవారి చేతిలోకి పోయి 2019లో అదానీ వారికి చేరినది. 2020లో విమానాశ్రయాల వ్యాపారంలో 49 శాతం వాటాను సుమారు 10,000 కోట్ల రూపాయలకు పారిస్ విమానాశ్రయాలను నడిపే ఫ్రెంచి సంస్థ కొన్నది. కాలు కుళ్లితే తీయించుకొని ప్రాణం దక్కించుకొన్న మనిషి వలె, ఆ ఇల్లు వ్యాపారంలో కొంత భాగాన్ని వదులుకొని మిగిలినది.

ఇక మన వరోరా సంగతి. దీనికి మొదట ఎమ్కో ఎనర్జీ అని పేరు. తరువాత జీ.ఎం.ఆర్. చేతికి వచ్చినది. ఒక్కొక్కటి 300 మెగావాట్ల చొప్పున రెండు యూనిట్లు. రెండూ 2013లో ఉత్పత్తి ప్రారంభించినవి. పూర్తి బలంతో నడిస్తే రోజుకు 1 కోటి 44 లక్షల యూనిట్లు తయారవుతవి. అందుకు రోజుకు తొమ్మిది, పదివేల టన్నుల బొగ్గు కావాలి. చుట్టూ బొగ్గు గనులే ఉన్న జిల్లాలో కూర్చొని కూడా బొగ్గు చాలదని ఈ కేంద్రం కోర్టులో పోరాడవలసి వచ్చినది! బొగ్గు పంపిణీ విధానంలో సర్కారు చేసిన మార్పుల వల్ల పెరిగిన ఖర్చు ఎవరు భరించాలన్నది తగవు. 2023 ఏప్రిల్ 20న సుప్రీంకోర్టు ఉత్పత్తిదారులకు ఆ ఖర్చు రావలసినదేనని తీర్పు చెప్పినది. ఆ తీర్పుకు 'జీ.ఎం.ఆర్. వరోరా' అనే పేరే నిలిచినది. న్యాయవాదుల పుస్తకాలలోకి మన జిల్లా ఊరు ఈ విధంగా ఎక్కినది.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే లెక్క సరిపోదు. బొగ్గు వెలుగునిస్తుంది, బూడిద కూడా ఇస్తుంది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వేసిన అతి తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో చంద్రపురం ముందు వరుసలో నిలిచినది. మన ఇళ్లలో ఉదయం తుడిచిన అరుగు సాయంత్రానికి నల్లబడడం, పసిపిల్లల దగ్గు, ఇవి ఏ ఛైర్మన్ జీవితచరిత్రలోనూ కనిపించని పేజీలు. ఆ దోషం ఒక్క సంస్థది కాదు, గనులు, సిమెంటు, విద్యుత్తు అందరూ పంచుకోవలసినది. అట్లే ఢిల్లీ విమానాశ్రయపు భూమిని చౌకగా అప్పగించారని 2012లో కాగ్ నివేదిక ప్రభుత్వ తీరును తప్పుబట్టినది. సంస్థ ఆ లెక్కను అంగీకరించలేదు. తెలుగువాడని గర్వపడవచ్చును గాని, గర్వం కళ్లు మూయకూడదు.

దానధర్మాల విషయంలో ఆయనకు మంచి పేరున్నది. భార్య వరలక్ష్మి గారి పేరు మీద నడిచే ఫౌండేషను సంస్థ పనులున్న చోట్ల విద్య, వైద్యం, ఉపాధి శిక్షణ చూస్తున్నది. పుట్టిన రాజాంలో 1997లో ఇంజనీరింగు కాలేజీ పెట్టారు. 2011లో తన సొంత వాటాకు సమానమైన సుమారు 1,540 కోట్ల రూపాయలు ఫౌండేషనుకు ఇస్తానని ప్రకటించారు. నార కట్టలు తూచిన ఊళ్లో పిల్లలు ఇంజనీర్లు కావడం చిన్న సంగతి కాదు.

ఇక మొదట దాచిపెట్టిన విషయానికి వద్దాము. మల్లికార్జునరావు గారికి ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె. కుమారులు జీ.బీ.ఎస్. రాజు, కిరణ్ కుమార్, అల్లుడు బొమ్మిడాల శ్రీనివాస్, ముగ్గురూ వ్యాపారంలోనే ఉన్నారు. కొడుకులు, అల్లుడు ఒకే గద్దె చుట్టూ తిరిగే ఇంట్లో ఏమి జరుగుతుందో మన తెలుగువారికి ఎవరూ చెప్పనక్కరలేదు. మన పురాణాల నుంచి మన సినిమాల దాకా అదే కథ. ఆయన ఆ కథ మొదలు కాకముందే కాగితం తీశారు. తాను ఆరోగ్యంగా ఉండగా, పిల్లలు ఒకరితో ఒకరు నవ్వుతూ మాట్లాడుకొనే రోజులలోనే, కుటుంబ సభ్యులందరినీ కూర్చోబెట్టి, బయటి సలహాదారుల సాయంతో ఏళ్ల తరబడి చర్చించి, కుటుంబానికి ఒక రాజ్యాంగం రాయించారు. అందరూ దాని మీద సంతకాలు చేశారు.

రాజ్యాంగం అనగానే పెద్ద మాట అనిపించవచ్చును. దాని పని మాత్రం మామూలు ఇంటి పనే. వ్యాపార విషయం ఎక్కడ మాట్లాడాలి, ఇంటి విషయం ఎక్కడ మాట్లాడాలి? తరువాతి తరం ఎట్లా పనిలోకి రావాలి? అభిప్రాయభేదం వస్తే ముందుగా ఎవరి దగ్గరకు పోవాలి? ఇటువంటి ప్రశ్నలకు జవాబులు కోపం లేని వేళ రాసుకొన్నారు. కుటుంబ మండలి ఒకటి పెట్టి క్రమంగా కలుసుకోవడం అలవాటు చేసుకొన్నారు. వ్యాపారంలో కూడా ఒక పద్ధతి నడిచినది. ఒక కుమారుడికి విద్యుత్తు, ఇంకొకరికి విమానాశ్రయాలు అని శాశ్వతంగా రాసివ్వకుండా, శాఖలను కొన్నేళ్లకొకసారి మార్చారు. 'ఇది నాది, అది నీది' అనే గోడ లేవకముందే ఇటుక తీసివేసినట్లయినది. ఇటువంటి పత్రానికి కోర్టు డిక్రీ బలం ఉండదు, ఇచ్చిన మాటే దాని బలం. అయినా అప్పుల తుఫాను వచ్చి ఆస్తులు అమ్మవలసి వచ్చినప్పుడు, 'నా శాఖ ఎందుకు అమ్మారు' అని ఆ ఇంటి వారు వీధిలోకి రాలేదు. అప్పు తీర్చడానికి కావలసిన మొదటి పెట్టుబడి ఇంట్లో ఐకమత్యమే కదా!

దీనికి ఎదురు ఉదాహరణ దేశమంతటికీ తెలిసినదే. ధీరూభాయి అంబానీ గారు 2002 జూలైలో వీలునామా లేకుండా కన్నుమూశారు. అంతటి తెలివైన వ్యాపారి, అన్ని ఒప్పందాలు రాసినవాడు, ఇంటి ఒప్పందం ఒక్కటి రాయలేదు. రెండు మూడేళ్లలో అన్నదమ్ముల కలహం పత్రికలకెక్కినది. 2005 జూన్‌లో తల్లి కోకిలాబెన్ గారు మధ్య కూర్చొని ఆస్తిని పంచవలసి వచ్చినది. తమ్ముని వాటాకు వచ్చిన టెలిఫోను కంపెనీ 2019లో దివాలా తీసినది.

ఇంకొక ఉదాహరణ మన గుమ్మంలోనే ఉన్నది. బల్లార్‌పూరు కాగితపు మిల్లు అంటే మనకు కంపెనీ పేరు కాదు, బంధువు పేరు. లూధియానా నుంచి కలకత్తా పోయి బొగ్గు వ్యాపారంలో పైకి వచ్చిన కరంచంద్ థాపర్ గారి సంస్థ అది. 1945లో బల్లార్‌పూరు పేపర్ అండ్ స్ట్రాబోర్డ్ మిల్స్ అనే పేరుతో కంపెనీ ఏర్పడినది. 1975లో బల్లార్‌పూర్ ఇండస్ట్రీస్ అయినది. కరంచంద్ గారి తరువాత కుమారుల చేతికి, ఆ తరువాత మనుమల చేతికి వ్యాపారాలు పంపకాలయి పోయినవి. కాగితం, క్రాంప్టన్ గ్రీవ్స్ ఒక మనుమడు గౌతమ్ థాపర్ గారికి వచ్చినవి. 2007లో మలేషియాలో అడవులు, కాగుజ్జు మిల్లు కొన్నారు. అప్పులు పెరిగినవి. వరంగల్లు జిల్లా కమలాపురంలో ఇదే సంస్థకు చెందిన రేయాన్ గుజ్జు ఫ్యాక్టరీ 2014లో ఆగిపోయి వందల తెలుగు కుటుంబాలు వీధిన పడినవి. 2020లో బల్లార్‌పూర్ ఇండస్ట్రీస్ దివాలా చట్టం కింద విచారణకు వచ్చినది. పంపకం వల్లనే అది పడిపోయినదని అనడం అన్యాయం. అప్పు, కాగితపు ధర, విస్తరణ అన్నీ కారణాలే. కాని ఛైర్మన్ గారి అంచనా తప్పితే, ఆయన పేరు కూడా తెలియని కార్మికుని ఇంట్లో పిల్ల పెళ్లి ఆగుతుందన్నది మాత్రం మనం కళ్లారా చూచిన సత్యం.

ఇప్పుడు మన ఇళ్లకు వద్దాము. మన తాతలు, తండ్రులు కరీంనగరం నుంచి, వరంగల్లు నుంచి, ఆదిలాబాదు నుంచి, కోస్తా జిల్లాల నుంచి గనులకు, మిల్లుకు, రైల్వేకు వచ్చారు. అటుపక్క రాజూరా తాలూకా 1956 దాకా ఆదిలాబాదు జిల్లాలోనిదే గనుక, అక్కడివారు ఎక్కడికీ రాకుండానే మహారాష్ట్ర వారయినారు. ఒక్కొక్క కుటుంబానికి ఇక్కడ ఒక ప్లాటు, అక్కడ స్వగ్రామంలో రెండెకరాల చెలక, ఒక పెంకుటిల్లు. ప్లాటు తండ్రి పేర, కట్టిన డబ్బు పెద్దకొడుకుది. చెలక పెదనాన్న పేర, శిస్తు కట్టినది మనం. నోటిమాట మీద యాభై ఏళ్లు నడిచిన వ్యవహారం. ఆ నోటిమాట ఇచ్చిన పెద్దలు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. 'ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చింది' అన్న సామెత మనవారే పుట్టించారు గాని, గొర్రె బతికి ఉండగా కాగితం రాసే ఆచారం మాత్రం పుట్టించలేదు.

పైగా చట్టం కూడా మారినదని మనలో చాలామంది పట్టించుకోలేదు. హిందూ వారసత్వ చట్టం వర్తించే కుటుంబాలలో, ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు కొడుకుతో సమానమైన హక్కును ఆంధ్రప్రదేశ్ 1986లో చట్టం చేసి ఇచ్చినది. మహారాష్ట్ర 1994లో ఇచ్చినది. ఆ రెండు చట్టాలలో అప్పటికే పెళ్లయిన కుమార్తెలకు మినహాయింపు ఉండేది. 2005లో దేశమంతటికీ వర్తించే సవరణ ఆ తేడాను తీసివేసినది. 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు, ఈ హక్కు పుట్టుకతోనే వస్తుందనీ, 2005 సవరణ నాటికి తండ్రి బతికి ఉండనక్కరలేదనీ స్పష్టంగా చెప్పినది. కాబట్టి 'అమ్మాయికి పెళ్లిలో ఇచ్చేశాము' అనే మాట కోర్టులో పనికిరాదు. చెల్లెలి చేత నాలుగు కన్నీటి బొట్లతో బాటు ఒక సంతకం పెట్టించుకొనే పద్ధతి ఇక మానుకోవాలి. ఆమెను కూడా మొదటి రోజునే కూర్చోబెట్టి మాట్లాడుకొంటే, రాఖీ కట్టే చేయి కోర్టు నోటీసు పంపదు.

మనకు మండళ్లు, సలహాదారులు అక్కరలేదు. మూడు పనులు చాలును. మొదటిది, ఉన్నది ఉన్నట్లు జాబితా: ఏ ఆస్తి, ఎవరి పేర, కాగితాలు ఎక్కడ, అప్పు ఎంత. అప్పు సంగతి దాచిన జాబితా జాబితాయే కాదు. రెండవది, వీలునామా. తన స్వార్జితాన్ని ఎవరికి ఇష్టమైతే వారికి రాసే హక్కు మనిషికి ఉన్నది. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేయాలి, వారు కూడా సంతకం చేయాలి. రిజిస్టరు చేయడం తప్పనిసరి కాదు గాని, చేస్తే మేలు. పంపకం కాగితం ద్వారానే ఇల్లు, భూమి హక్కు మారేటట్లయితే మాత్రం రిజిస్టరు చేయక తప్పదు. మూడవది అన్నిటికంటె కష్టమైనది: పండుగకు అందరూ కలిసిన రోజున, భోజనాలయిన తరువాత, పెద్దవారు నోరు తెరిచి ఈ మాట ఎత్తడం.

ఈ మూడవది ఎందుకు కష్టం? మాట ఎత్తితే 'నాన్న పోయేదాకా ఆగలేకపోతున్నావా' అని కొడుకును నిందిస్తారు. తండ్రి ఎత్తితే 'అశుభం పలుకకండి' అని తల్లి నోరు మూస్తుంది. అందువల్ల అందరూ ప్రేమగా మౌనంగా ఉంటారు. ఆ ప్రేమతో కూడిన మౌనమే పదమూడో రోజు దాటగానే కలహమై లేస్తుంది. ఈ మాట ఎత్తవలసినది చిన్నవారు కాదు, పెద్దవారు. అధికారం చేతిలో ఉన్నవాడు అధికారం గురించి మాట్లాడితే అది అశుభం కాదు, దీవెన. రాజాం ఇంటిపెద్ద చేసిన పనిలో గొప్పతనం ఇక్కడున్నది. ఎవరూ అడుగకముందే ఆయన అడిగారు.

విమానాశ్రయాలు చేతులు మారుతవి. గుత్తల గడువులు తీరిపోతవి. విద్యుత్కేంద్రపు యంత్రాలు ఇంకో ముప్ఫయి ఏళ్లకు పాతయినుము అవుతవి. మన ప్లాట్లయినా, పెంకుటిళ్లయినా అంతే. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఒకరి గుమ్మంలోకి ఒకరు తలుపు తట్టకుండా పోగలగడం మాత్రం ఏ బ్యాంకూ ఇవ్వలేని ఆస్తి. ఈ దసరాకు స్వగ్రామం పోయేవారు, లేదా అక్కడివారిని ఇక్కడికి పిలిచేవారు, పిండివంటలతో పాటు ఒక తెల్లకాగితం, ఒక కలం కూడా సిద్ధం చేసుకొంటే బాగుంటుంది.